సేవకు వచ్చినవారు, సాకినవారు

అమెరికా యువతను ప్రపంచమంతటా పల్లెలకు పంపిన ‘పీస్ కోర్’కు ఈ ఏడాది మార్చి 1తో 65 ఏళ్లు నిండాయి. మన దేశంలో దాని పని ముగిసి ఇదే ఏడాదికి 50 ఏళ్లు. సుస్థిరాభివృద్ధి కోసం స్వచ్ఛంద సేవకుల అంతర్జాతీయ సంవత్సరంగా 2026ను ఐక్యరాజ్యసమితి జరుపుతోంది. సముద్రాలు దాటి వచ్చిన ఆ యువతీయువకులను తలుచుకుంటూనే, వాళ్లకు అన్నం పెట్టి మాట నేర్పిన మన పల్లెలకూ ఈ పండుగలో పీట వేయాలంటున్న కథనమిది.

ఖమ్మం జిల్లా బోనకల్ మండలంలో ఏ అంగన్‌వాడీ కేంద్రానికి వెళ్లినా గుడ్ల ట్రేలు కనిపిస్తాయి. ఒక్కో ట్రేలో 30 గుడ్లు. 2015 జనవరిలో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులు, బాలింతలు కేంద్రానికే వచ్చి మధ్యాహ్నం కడుపునిండా తింటారు. అన్నం, పప్పు, కూర, పాలు, వాటితోపాటు రోజుకో గుడ్డు. బడిపిల్లల మధ్యాహ్న భోజనంలోనూ గుడ్డు ఉంది. మిరప తోటలో కోతకు వెళ్లే తల్లి పొద్దున్నే బిడ్డను కేంద్రంలో దించి వెళ్తుంది, ఆ పూట వాడి పళ్లెంలో గుడ్డు పడుతుందన్న ధీమాతో.

అరవై ఏళ్ల కిందట ఈ ధీమా లేదు. గుడ్డంటే పెరట్లో గంప కింద కమ్మిన నాటుకోడి పెట్టిందే. ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెడితే మంచి కోడి కిందే లెక్క. అందులో సగం పొదగేయడానికి పోయేవి. మిగిలినవి సంతలో అమ్ముకుంటే ఉప్పూ కిరసనాయిలూ వచ్చేవి. ఇంట్లో ఎవరైనా జ్వరం పడి లేస్తే ఒకటి ఉడకబెట్టేవారు. కొక్కెర తెగులు వచ్చిందంటే రెండు రోజుల్లో ఊరు ఊరంతా కోళ్లు తుడిచిపెట్టుకుపోయేవి.

నేడు గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందు వరుసలో ఉన్నాయి. రైతులు, పశువైద్యులు, శాస్త్రవేత్తలు, వ్యాపారులు తరం పాటు కష్టపడితే వచ్చిన మార్పు ఇది. ఆ కథ మొదటి పేజీల్లో ఒక చిన్న పాత్ర ఉంది. తెలుగు సరిగా రాని, పాతికేళ్లు కూడా నిండని, సైకిలెక్కి ఊళ్లు తిరిగిన అమెరికా కుర్రాళ్లది, అమ్మాయిలది.

తెల్లారగట్ల పుట్టిన ఆలోచన

1960 అక్టోబరు 14. అమెరికాలోని ఆన్ ఆర్బర్ పట్నంలో మిషిగన్ విశ్వవిద్యాలయం. జాన్ కెనడీ అప్పటికింకా అధ్యక్ష అభ్యర్థి మాత్రమే. ప్రచారం ముగించుకుని ఆయన అక్కడికి చేరేసరికి తెల్లారగట్ల రెండు గంటలైంది. అయినా వేలాదిమంది విద్యార్థులు కదలకుండా ఎదురుచూస్తున్నారు. విద్యార్థి భవనం మెట్ల మీద నిలబడి ఆయన వాళ్లను ఒక ప్రశ్న అడిగారు. చదువైపోయాక ఘనా లాంటి దేశాలకు వెళ్లి కొన్నేళ్లు పనిచేయడానికి మీలో ఎందరు సిద్ధమని. ఆ విద్యార్థులు ప్రశ్నను అక్కడితో వదిలేయలేదు. సంతకాలు సేకరించి, మేం సిద్ధమని తెలియజేశారు.

అధ్యక్షుడయ్యాక 1961 మార్చి 1న కెనడీ ఒక ఉత్తర్వుతో పీస్ కోర్‌ను ఏర్పాటు చేశారు. సెప్టెంబరులో చట్టం వచ్చింది. తన చెల్లెలి భర్త సార్జంట్ శ్రైవర్‌ను తొలి సారథిగా నియమించారు. నియమాలు సరళంగా ఉండేవి. రెండేళ్లు పనిచేయాలి. ఆ ఊళ్లో వాళ్లలాగే బతకాలి. జీతం ఉండదు, రోజులు గడవడానికి భత్యం మాత్రం ఇస్తారు. వెళ్లేముందు అక్కడి భాష నేర్చుకోవాలి. చట్టంలో రాసుకున్న లక్ష్యాలు మూడు. అడిగిన దేశానికి శిక్షణ పొందిన మనుషులను పంపడం మొదటిది, అమెరికన్లంటే ఏమిటో అక్కడివాళ్లకు తెలిసేలా చేయడం రెండోది. ప్రపంచంలోని మిగతా జనం గురించి అమెరికన్లు తెలుసుకోవడం మూడోది. నాకు ఈ మూడోదే అన్నిటికన్నా విలువైనదనిపిస్తుంది. నేర్పడానికి వెళ్తున్నవాడు నేర్చుకుని రావాలని చట్టంలోనే రాసుకున్న దేశాలు ఎక్కువ లేవు.

తొలి బృందం 1961 ఆగస్టులో ఘనాకు వెళ్లింది. శ్రైవర్ అదే ఏడాది ఢిల్లీ వచ్చి నెహ్రూను కలిశారు. డిసెంబరులో 26 మంది మన దేశంలో దిగి పంజాబ్‌లో పని మొదలుపెట్టారు. అక్కడి నుంచి 1976 వరకు నాలుగు వేలమందికి పైగా వచ్చారు. పీస్ కోర్ పెద్ద ఎత్తున పనిచేసిన దేశాల్లో మనదొకటి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది కాలేజీ మెట్లు అప్పుడే దిగిన కుర్రకారు. అయితే వయసుకు హద్దు లేదు. జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ కార్టర్ 1966లో వచ్చి బొంబాయి శివారు విక్రోలీలో పనిచేసి వెళ్లేనాటికి ఆమె వయసు డెబ్బైకి చేరింది. అప్పటికి ఆమె కొడుకు పేరు మన దేశంలో ఎవరికీ తెలియదు. ఆమె వెళ్లిన పదేళ్లలోపే ఆయన అమెరికా అధ్యక్షుడయ్యారు.

సమితి ఆఫీసూ, గ్రామసేవకుడూ

ఈ కుర్రాళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చేనాటికి పల్లె పాలన కొత్త చొక్కా తొడుక్కుంది. 1959 నవంబరు 1న రాష్ట్రంలో పంచాయతీ సమితులు మొదలయ్యాయి. 1953లో వరంగల్ నుంచి విడివడిన ఖమ్మం జిల్లాలో అదే 1959లో తూర్పుగోదావరి నుంచి భద్రాచలం, నూగూరు తాలూకాలు వచ్చి కలిశాయి. ఇటు కృష్ణా సరిహద్దున రేగడి చేలు, అటు గోదావరి ఒడ్డున కోయ గూడేలు, అన్నీ ఒకే జిల్లా. మధిర తాలూకాలో ఉన్న బోనకల్ వైపు అప్పటికి సాగర్ నీళ్లు రాలేదు. నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. అంతకుముందు ఇక్కడి సేద్యం వానమీదే.

సమితికో బీడీఓ, ఆయన కింద గ్రామసేవకులు. ఎరువు వాడకం దగ్గర్నుంచి మరుగుదొడ్డి కట్టుకోవడం దాకా అన్నీ ఊళ్లకు చెప్పాల్సింది ఆ గ్రామసేవకుడే. పీస్ కోర్ వాలంటీరుకు ఊళ్లో మొదటి తోడు అతనే. రాజేంద్రనగర్‌లో 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది, దానికి కాన్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం తోడ్పడింది. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయం పిల్లల పళ్లెంలో మాంసకృత్తుల కొరత ఎంతుందో లెక్కలు తీస్తోంది. పిల్లలకు గుడ్డు, పెరట్లో కూరపాదు, చెరువులో చేప అంటూ పోషకాహార కార్యక్రమాలు సమితులకు చేరుతున్నాయి. కోళ్ల పెంపకం వాలంటీర్ల పనుల్లో ముఖ్యమైనది కావడానికి ఇదీ నేపథ్యం.

చెప్పుకుంటే చిన్న పనే. గాలి ఆడేలా షెడ్డు వేయించడం. నేల మీద ఊక మందంగా పరిచి, తడి తగలకుండా తిరగేస్తూ ఉండటం. కోడిపిల్లలకు మొదటి మూడు నాలుగు వారాలు దీపం పెట్టి వెచ్చదనం ఇవ్వడం. మొక్కజొన్న, తౌడు, వేరుశనగ చెక్క, ఎండుచేపల పొడి పాళ్లు కుదిరేలా దాణా కలపడం. అన్నిటికన్నా ముఖ్యం కొక్కెర తెగులుకు టీకా. నాటుకోడి యాభై గుడ్లు పెట్టేచోట తెల్ల లెగ్‌హార్న్ కోడి రెండొందలు పెడుతుంది. కానీ ఆ కోడి నాటుకోడిలా చెత్తకుప్ప తవ్వుకుని బతకదు. దాణా తప్పినా, టీకా తప్పినా, ఊక తడిసినా షెడ్డు ఖాళీ అయిపోతుంది.

ఇక్కడే ఒక నిజం దాచకుండా చెప్పుకోవాలి. వచ్చినవాళ్లలో ఎక్కువమందికి కోళ్ల గురించి తెలిసింది శిక్షణలో చెప్పిన మూడు నెలల పాఠాలే. చరిత్రో సాహిత్యమో చదివిన పట్టణపు పిల్లలు వాళ్లు. గుడ్లు వచ్చాక అమ్మేదెక్కడన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు లేదు. దాణా ధర పెరిగితే ఏం చేయాలో తెలియదు. మొక్కకు నీళ్లు పట్టడం అలవాటయ్యేలోపు తోటమాలి మారిపోయినట్టు, ఊరి గుట్టు తెలిసొచ్చేసరికి రెండేళ్ల గడువు అయిపోయేది. కోళ్ల పరిశ్రమను నిలబెట్టింది ఇక్కడే ఉండిపోయినవాళ్లు. డాక్టర్ బి.వి.రావు 1971లో వెంకటేశ్వర హేచరీస్ పెట్టారు. గుడ్డు ధర దళారి చేతిలో కాదు, రైతు చేతిలో ఉండాలని పట్టుబట్టి 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీకి ప్రాణం పోశారు. రోజూ పేపర్లో చూసే ‘నెక్ ధర’ ఆ కమిటీ చెప్పేదే. వాలంటీర్లకు చిక్కని ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. టీకా సూది పట్టుకుని ఊరూరా తిరిగిన పశువైద్య సిబ్బందికి ఎవరూ వార్షికోత్సవాలు జరపరు, కానీ షెడ్లు ఖాళీ కాకుండా కాపాడిన చేతులు వాళ్లవే.

అలాగని ఆ కుర్రాళ్ల రాకను కొట్టిపారేయను. లెక్కకు అందని పని ఒకటి వాళ్లు చేశారు. తెల్లచొక్కా నలగకుండా జీపులో వచ్చి వెళ్లే అధికారిని మాత్రమే ఎరిగిన ఊళ్లో, చదువుకున్నవాడు షెడ్డులో వంగి తన చేత్తో కోడిరెట్ట ఎత్తడం జనం చూశారు. అమ్మాయిలైతే ఒంటరిగా సైకిలు తొక్కుకుంటూ పక్కూరికి వెళ్లి మహిళా మండలిలో మాట్లాడి వచ్చారు. ఆ దృశ్యం చూసిన పదేళ్ల ఆడపిల్ల మనసులో ఏం కదిలిందో ఏ నివేదికా రాయదు.

పీట వేసినవారు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వార్షికోత్సవం అనగానే వచ్చినవాళ్ల లెక్క చెబుతారు. ఇప్పటివరకు 2,40,000 మందికి పైగా వాలంటీర్లు, 140కి పైగా దేశాలు అంటారు. వాళ్లను సాకినవాళ్ల లెక్క ఎక్కడా లేదు.

ఒక్కసారి ఊహించండి. ఇరవై రెండేళ్ల కుర్రాడు, ఇంటికి వేల మైళ్ల దూరంలో. ఫోను లేదు, ఉత్తరం వచ్చి చేరడానికి వారాలు పడుతుంది. ఎండాకాలం ఖమ్మం జిల్లా ఎండలు ఎలా ఉంటాయో మనకు చెప్పక్కర్లేదు. మొదటి నెల్లోనే నీళ్లు పడక విరేచనాలు. అప్పుడు ఎవరో ఒక అమ్మ కారం తగ్గించి పప్పుచారు కాచి పోసి ఉంటుంది. గంజి వార్చి ఉప్పేసి ఇచ్చి ఉంటుంది. మంచినీళ్లు మరగకాచమని అతను సైగలు చేస్తే, కట్టెల ఖర్చు ఆలోచించకుండా కాచి ఉంటుంది. ఆమెకు భత్యం లేదు. శిక్షణ లేదు. ఏ దేశం ఆమెకు పతకం ఇవ్వలేదు.

భాష కూడా అంతే. విదేశీయులకు తెలుగు నేర్పే పుస్తకాలు అప్పటికి చేతివేళ్లమీద లెక్కపెట్టొచ్చు. భద్రిరాజు కృష్ణమూర్తి, పి.శివానందశర్మ కలిసి రాసిన వాచకం వచ్చిందే 1968లో. శిక్షణలో నేర్చుకున్న తెలుగు సంతలో పనికొచ్చేది కాదు. ‘దయచేసి నాకు నీరు ఇవ్వండి’ అనేవాడిని ‘కాసిని మంచినీళ్లియ్యమ్మా’ అనేదాకా తెచ్చింది ఊరి పిల్లలు. తప్పు మాట్లాడితే పగలబడి నవ్వి, వెంటనే సరిచేసి, మళ్లీ అనిపించే గురువులు వాళ్లు. వరసలు కలపడం నేర్పింది వాళ్లే. ఊళ్లో మనిషిగా ఉండాలంటే ఎవరికో తమ్ముడో, ఎవరికో బావో అయి ఉండాలి కదా.

ఇంకో సంగతి కూడా ఉంది. ఊరికీ వాడకీ మధ్య గీత గట్టిగా ఉన్న రోజులవి. మంచినీళ్ల బావులు వేరు, టీ గ్లాసులు వేరు. వచ్చిన వాలంటీరుకు బస సాధారణంగా పెద్దమనుషులే చూపేవారు. షెడ్డు వేయడానికి జాగా, కోళ్లు కొనడానికి పెట్టుబడి కూడా వాళ్ల దగ్గరే ఉండేవి. దాంతో సాయం తొలుత చేరింది కాస్తో కూస్తో ఉన్నవాళ్లకే. ఆనాటి అభివృద్ధి కార్యక్రమాలన్నిటి మీదా ఉన్న విమర్శే ఇది, న్యాయమైన విమర్శ. అయితే ఏ కులానికీ చెందనివాడు కాబట్టి ఆ విదేశీయుడు వాడలోకి వెళ్లి గడపలో కూర్చుని టీ తాగగలిగేవాడు. తాగితే ఊరు ఏమనుకుంటుందో తెలిసీ టీ పోసిన ఇల్లాలి ధైర్యం అతని ధైర్యం కన్నా పెద్దది. అతను రెండేళ్లకు వెళ్లిపోతాడు. ఆమె ఆ ఊళ్లోనే ఉండాలి.

వెళ్లిపోయిన ఏడాది

1971 బంగ్లాదేశ్ యుద్ధంతో ఢిల్లీకి వాషింగ్టన్‌కు మధ్య మాటలు తెగాయి. నిక్సన్ ప్రభుత్వం విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్‌ను బంగాళాఖాతంలోకి పంపింది. వాలంటీర్ల వెనుక గూఢచారులున్నారన్న అనుమానాలు అంతకుముందు నుంచే రాజకీయాల్లో వినిపిస్తూ ఉండేవి. కొత్త బృందాలు తగ్గుతూ వచ్చి 1976లో పీస్ కోర్ మన దేశం నుంచి పూర్తిగా వెళ్లిపోయింది. తిరిగి రాలేదు.

సేవ మాత్రం ఆగలేదు. దానికి దారులు చాలా ఉన్నాయి, అమెరికా దారి అందులో ఒకటి. అసలు ఈ ఆలోచన కెనడీకన్నా పాతది. మొదటి ప్రపంచయుద్ధంలో నేలమట్టమైన ఫ్రాన్స్ పల్లెను తిరిగి కట్టడానికి 1920లో శత్రుదేశాల యువకులను ఒకచోట చేర్చాడు స్విస్ ఇంజినీరు పియర్ సెరెసోల్. 1934లో బిహార్ భూకంపం వచ్చాక ఆయన అక్కడికి వచ్చి ఊళ్లు కట్టే పనిలో చేయి కలిపాడు. స్పెయిన్‌లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి, 2009లో కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయారు. రెండేళ్ల సేవకూ నలభై ఏళ్ల సేవకూ ఉన్న తేడా ఏమిటో తెలియాలంటే ఆయన సంస్థ కట్టిన బత్తలపల్లి ఆసుపత్రి ముందు కాసేపు నిలబడితే చాలు. డోర్నకల్ కథ మనకు ఇంకా దగ్గరిది. బోనకల్ రైలు పట్టాల మీదే ఖమ్మం దాటితే వచ్చే ఊరది. తమిళనాడు తిరునెల్వేలి నుంచి వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తెలుగు నేర్చుకుని, 1912లో అక్కడ బిషప్ అయి, 1945లో చనిపోయేదాకా ఈ ప్రాంతాన్ని విడవలేదు.

ఇప్పుడు ప్రవాహం ఎదురు తిరిగింది. 1991లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న రవి కూచిమంచి ‘అసోసియేషన్ ఫర్ ఇండియాస్ డెవలప్‌మెంట్’ మొదలుపెట్టారు. ఆయన, ఆయన భార్య అరవింద పిల్లలమర్రి తర్వాత దేశానికి తిరిగొచ్చి పల్లెల్లో పనిచేశారు. నర్మద లోయలో బిల్గావ్ ఊరివాళ్లే శ్రమించి చిన్న జలవిద్యుత్ కేంద్రం కట్టుకోవడంలో ఆ సంస్థ పాలుపంచుకుంది. ‘స్వదేశ్’ సినిమాకు ప్రేరణ అదేనంటారు. బోనకల్, మధిర వైపు పల్లెల్లోనూ అమెరికాలో ఉద్యోగం చేసే పిల్లలున్న ఇళ్లు బోలెడు. వాళ్లు పంపే డబ్బుతో ఊళ్లో మంచి పని జరిగితే సంతోషమే. ఊరి బడికి ఒక నెల వచ్చి పిల్లలతో కూర్చుంటే ఇంకా సంతోషం.

సాయానికి పాస్‌పోర్టు అక్కర్లేదని ఈ జిల్లాకు తెలుసు. 2016లో బోనకల్ మండలం డెంగీ జ్వరాలతో అల్లాడింది. రావినూతల లాంటి ఊళ్లలో ఇంటింటికీ మంచం పట్టినవాళ్లే. రక్తం కావాలంటే ఇచ్చినవాళ్లు, రాత్రిపూట ఖమ్మం ఆసుపత్రులకు బండి కట్టినవాళ్లు ఏ సంస్థ బ్యాడ్జీ పెట్టుకోలేదు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలో ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయినప్పుడు, బతుకుదెరువుకు హర్యానా నుంచి వచ్చిన జేసీబీ డ్రైవరు వరదలోకి బండి నడిపి వాళ్లను ఒడ్డుకు తెచ్చాడు. పరాయి రాష్ట్రపు మనిషి మన మనిషయ్యాడు. అతనికి శిక్షణ ఇచ్చిందెవరు, పంపిందెవరు?

ఎనభై దాటినవాళ్ల దగ్గరికి

పీస్ కోర్ వాలంటీర్లు తమ జ్ఞాపకాలను జాగ్రత్తగా దాచుకున్నారు. వాళ్ల ఉత్తరాలు, డైరీలు వాషింగ్టన్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. వాళ్ల గొంతులు బోస్టన్‌లోని కెనడీ గ్రంథాలయం కోసం రికార్డు చేశారు, కెంటకీ విశ్వవిద్యాలయంలోనూ భద్రపరిచారు. మంచి పని, మనం నేర్చుకోవాల్సిన పని. ఆ ఉత్తరాల్లో ఇంటి అమ్మ ఉంటుంది, గ్రామసేవకుడు ఉంటాడు, తెలుగు నేర్పిన పిల్లాడు ఉంటాడు. కానీ అవతలివాళ్ల చూపులోనే. ఇవతలి మాట కూడా దాని పక్కన చేరితేనే కథ సగం నుంచి నిండుకు వస్తుంది.

ఆ రోజుల్లో ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటాయి. పదేళ్ల పిల్లలు డెబ్బైలలో ఉన్నారు. ఇంకో పదేళ్లు ఆగితే అడగడానికి మనుషులుండరు. పెద్ద ప్రాజెక్టు కోసం ఎదురుచూడనవసరం లేదు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక దసరా సెలవుల పని ఇస్తే చాలు. ఫోనులో రికార్డు చేసి, పేరు, ఊరు, తేదీ రాసి జిల్లా కేంద్ర గ్రంథాలయానికి ఇవ్వాలి. డిసెంబరు 5 అంతర్జాతీయ స్వచ్ఛంద సేవకుల దినం, ఐక్యరాజ్యసమితి 1985లో ప్రకటించింది. ఆ రోజు పాఠశాలలో నలుగురి ముందు వాటిని వినిపించొచ్చు.

అడగాల్సినవి కష్టమైన ప్రశ్నలేమీ కావు. మీ ఊరి సాయానికి బయటి నుంచి వచ్చి ఉన్నదెవరు? తెల్లవాళ్లా, తమిళులా, పక్క జిల్లా డాక్టరా, కాలువ తవ్వకానికి వచ్చిన మేస్త్రీయా? ఎవరింట్లో దిగారు? ఏం తినేవారు, ఏం తినలేకపోయేవారు? వాడలోకి వచ్చేవారా? పిల్లలు వాళ్లను ఏమని పిలిచేవారు? వాళ్లు పెట్టించిన షెడ్డు, బావి, బడి ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? జబ్బు చేస్తే ఎవరు చూశారు? వెళ్లేరోజు ఎవరు బస్సు దాకా వెళ్లారు, తర్వాత ఉత్తరాలు వచ్చాయా? ఇంటి పెద్దాయన చెప్పాక అక్కడితో ఆపకుండా, లోపల వంటింట్లో ఉన్న అమ్మమ్మను కూడా పిలిచి ఇవే ప్రశ్నలు అడగాలి. ఆ రెండేళ్లూ రోజూ అన్నం వండి పెట్టింది ఆమె.